గగనవిహారం - జాగరూకత

ఉద్దేశం: వినోదం కోసం చిన్న విమానాలు నడిపేవారి అనుభవాలను, వారు పాటించే భద్రతా నియమాలను తెలియజేయడం, ధైర్యానికీ, దుస్సాహసానికీ మధ్యగల భేదాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పక్షిలా ఎగరాలన్న కోరిక మానవజాతి అంత పురాతనమైనది. మన పూర్వులు పుష్పక విమానాన్ని ఊహించారు. దానితోపాటే సంపాతి కథనూ చెప్పారు. అన్నదమ్ములైన సంపాతి, జటాయువు యౌవన గర్వంతో సూర్యమండలం వైపు పోటీపడి ఎగిరారు. సూర్యతాపానికి సొమ్మసిల్లుతున్న తమ్ముణ్ణి కాపాడబోయి సంపాతి తన రెక్కలను కాల్చుకొన్నాడు. ఎగరడంలోని ఆనందాన్నీ, హద్దు మరచినవారికి కలిగే ఆపదనూ ఒకే కథలో ఇమిడ్చిన ఆ వివేకం నేటికీ అవసరమైనదే.

పుష్పకం పేరు ఆధునిక యుగంలోనూ నిలిచింది. బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ నిర్మించిన రెండు సీట్ల చిన్న విమానం ‘పుష్పక్’ 1958లో తొలిసారి ఎగిరింది. మన దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఎందరో యువకులు దానిమీద శిక్షణ పొందారు. అయితే విమానం నడపడం సెలవుదినపు వినోదంగా విస్తరించింది మాత్రం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాలలో. అక్కడ వైద్యులు, రైతులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు తీరిక దొరికినప్పుడు చిన్న విమానంలో ఒకటి రెండు గంటలు విహరించి వస్తారు. అమెరికాలో వ్యక్తిగత పైలట్ లైసెన్సుకు సాధారణంగా కనీసం 40 గంటలు, బ్రిటన్‌లో 45 గంటలు విమానయానం చేసి ఉండాలి. సుమారు వంద మైళ్ల దూరంలోని మరో చిన్న విమానాశ్రయానికి వెళ్లి, అక్కడ ఫలహారం చేసి తిరిగిరావడం అమెరికా పైలట్లకు ప్రీతిపాత్రమైన అలవాటు. తిన్నది కొద్ది డాలర్ల హాంబర్గరే అయినా, ఇంధనం ఖర్చుతో కలిపి దానిని వారు ‘వంద డాలర్ల హాంబర్గర్’ అని పరిహాసంగా పిలుచుకొంటారు.

పెద్ద విమానాన్ని నడిపే వారికి సహపైలట్ ఉంటాడు. వాతావరణ సమాచారం సేకరించేవారు, ఇంధనం లెక్కలు చూసేవారు, యంత్రాన్ని పరీక్షించేవారు వేరువేరుగా ఉంటారు. చిన్న విమానంలో ఈ బాధ్యతలలో అధికభాగం ఒక్కరిమీదనే పడుతుంది. అమెరికాలో ప్రజోపయోగానికి ఉన్న సుమారు 5,000 విమానాశ్రయాలలో, నియంత్రణ గోపురం ఉన్నవి 500కు కాస్త అటూ ఇటూగా మాత్రమే. మిగిలిన చోట్ల ‘నేను ఇక్కడ ఉన్నాను, ఈ రన్‌వే మీద దిగబోతున్నాను’ అని ఎవరికి వారే రేడియోలో ప్రకటించుకొంటూ, కళ్లతో నలుదిక్కులా వెతుకుతూ, పరస్పరం తప్పుకొంటూ దిగుతారు. కనుక వినోదం కోసం ఎగిరే పైలట్ తనకు తానే కావలివాడు.

ఈ కావలి పని విమానం కదలక ముందే మొదలవుతుంది. పైలట్ ముందుగా తన్ను తాను పరీక్షించుకోవాలి. జబ్బుగా ఉన్నదా? మగత కలిగించే మందు వేసుకొన్నాడా? మనస్సులో ఏదైనా ఆందోళన ఉన్నదా? నిద్ర చాలిందా? వేళకు భోజనం చేశాడా? మద్యం సేవించిన తరువాత కనీసం 8 గంటలు గడవనిదే విమానం నడపరాదని అమెరికా నియమం. గడచిన 90 రోజులలో కనీసం మూడుసార్లు ఎగిరి, మూడుసార్లు దిగి ఉండకపోతే ప్రయాణికులను వెంట తీసుకువెళ్లరాదన్నది మరొక నియమం. చేతికి అలవాటు తప్పిన విద్య గాలిలో అక్కరకు రాదు.

ఆ తరువాత విమానం చుట్టూ ప్రదక్షిణం చేసినట్లు తిరిగి రెక్కలు, తోక, చక్రాలు, ప్రొపెల్లర్ పరిశీలిస్తారు. రెక్కల అడుగున ఉన్న చిన్న కవాటం నుంచి కొద్దిగా ఇంధనాన్ని పారదర్శకమైన గిన్నెలోకి తీసి చూస్తారు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరుగా మారవచ్చు. నీరు ఇంధనంకన్నా బరువైనది కనుక అడుగున చేరుతుంది. చిన్న విమానాలలో చిరకాలంగా విరివిగా వాడుతున్న పెట్రోలుకు నీలిరంగు కలుపుతారు. నీరు కలిస్తే పైన నీలిరంగు, కింద రంగులేని బిందువులు విడివిడిగా కనిపిస్తాయి. గిన్నె నిండా నీరే వస్తే మాత్రం రెండు పొరలు కనిపించవు. ‘అంతా స్వచ్ఛంగానే ఉన్నది’ అని తొందరపడినవారు మోసపోతారు. రంగును కూడా గమనించినవారే ఆ మోసాన్ని పసిగడతారు.

తరువాతది బరువు లెక్క. 1955లో తొలిసారి ఎగిరి, ఇప్పటివరకు 44,000కు పైగా తయారైన సెస్నా 172 నాలుగు సీట్ల విమానం. దానిలో 172ఎస్ అనే నమూనా మోయగల అదనపు భారం సుమారు 400 కిలోలు. ట్యాంకులు నింపితే ఇంధనమే సుమారు 145 కిలోలు ఉంటుంది. మిగిలిన 255 కిలోలలో నలుగురు పెద్దలు, వారి సామాను ఇమడడం కష్టం. నాలుగు సీట్లు ఉన్నంత మాత్రాన నలుగురినీ ఎక్కించుకోవచ్చునని భావించడం పొరపాటు. ఎండ తీవ్రంగా ఉన్ననాడు గాలి పలుచబడుతుంది. ఇంజన్ శక్తి, రెక్కల బలం రెండూ తగ్గి, నేలను విడవడానికి మరింత పొడవైన రన్‌వే కావలసివస్తుంది. మిత్రుణ్ణి నేలమీద వదలి వెళ్లడానికి మొగమాటపడిన పైలట్‌ను ఆ మొగమాటం రన్‌వే చివర నిలదీస్తుంది.

ఇన్ని విషయాలను జ్ఞాపకశక్తికే వదిలివేయడం క్షేమం కాదని విమాన చరిత్ర ఏనాడో నిరూపించింది. 1935 అక్టోబర్ 30న అమెరికాలో డేటన్ సమీపాన బోయింగ్ సంస్థవారి కొత్త బాంబర్ విమానం ‘మోడల్ 299’ పరీక్షా సమయంలో కూలిపోయింది. దానిని నడిపినవారు ఆరితేరిన పైలట్లు. యంత్రంలో లోపం లేదు. నిలిపి ఉంచినప్పుడు గాలికి కదలకుండా తోక భాగాలకు వేసే బిగింపును తీయడం వారు మరచారు. ఇద్దరు మరణించారు. ఆ విషాదం తరువాత, చేయవలసిన పనులను ఒక పట్టికగా రాసి, ఒక్కొక్కటే చదువుతూ సరిచూసుకొనే పద్ధతి స్థిరపడింది. వేల గంటల అనుభవం ఉన్నవారు సైతం నేటికీ చిన్న విమానంలో ఆ పట్టికను చేతపట్టుకొనే కూర్చుంటారు. నిదానమే ప్రధానమన్న మన సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఆకాశంలోకి వెళ్లిన తరువాత ఎదురయ్యే ఆపదలలో కొన్ని కంటికి కనిపించవు. వాటిలో ఒకటి కార్బురేటర్‌లో మంచు చేరడం. ఇది శీతకాలపు బాధ అనిపించవచ్చు. కాని కార్బురేటర్‌లో గాలి ఇరుకు మార్గం గుండా పోవడంవల్ల, ఇంధనం ఆవిరి కావడంవల్ల ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. బయట 20 డిగ్రీల వెచ్చదనం ఉన్నా, గాలిలో తేమ అధికంగా ఉంటే లోపల మంచు పేరుకొని ఇంజన్‌కు ఊపిరి ఆడకుండా చేస్తుంది. తేమ ఎక్కువగా ఉండే బ్రిటన్ వంటి దేశంలో ఇది పైలట్లకు సుపరిచితమైన సమస్య. వేడిగాలిని పంపే మీటను లాగడం దీనికి విరుగుడు. మీట లాగగానే కరిగిన నీరు ఇంజన్‌లోకి పోయి, ఇంజన్ కొద్దిసేపు మరింత కటువుగా దడదడలాడుతుంది. బెదరిన పైలట్ మీటను వెనుకకు నెట్టివేస్తే మంచు మళ్లీ పేరుకొంటుంది. చికిత్స వికటించినట్లు తోచిన క్షణంలోనే ఓర్పు వహించాలి.

మరొక ఆపద నేల దగ్గర పొంచి ఉంటుంది. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం మితిమీరితే పైకి ఎత్తే శక్తి హఠాత్తుగా తగ్గుతుంది. దీనిని ‘స్టాల్’ అంటారు. విమానాన్ని 60 డిగ్రీలు వంచి, ఎత్తు తగ్గకుండా మలుపు తిప్పితే రెక్కలమీద భారం రెట్టింపవుతుంది. స్టాల్ సంభవించే వేగం 41 శాతం పెరుగుతుంది. దిగేముందు రన్‌వేను దాటిపోయిన పైలట్ దానికి ఎదురుగా రావాలన్న ఆత్రంతో తక్కువ వేగంలో, తక్కువ ఎత్తులో బలవంతంగా వంచితే తేరుకొనే వ్యవధి ఉండదు. అటువంటప్పుడు ప్రయత్నం విరమించి, పైకి లేచి, మరొకసారి చుట్టి రావడమే శిక్షకులు బోధించే మార్గం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అన్నింటికంటే మోసకరమైనది మేఘం. నేలను, క్షితిజరేఖను చూస్తూ మాత్రమే విమానం నడపడం నేర్చినవారు మేఘంలోనో, దట్టమైన మంచులోనో చిక్కుకొంటే వారి శరీరమే వారికి అబద్ధం చెబుతుంది. చెవిలోపలి నాళాలు మెల్లని మలుపును గుర్తించలేవు. విమానం ఒక పక్కకు ఒరిగి సుడి తిరుగుతూ దిగజారుతున్నా, తిన్నగా పోతున్నట్లే తోస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, పరికరాలను మాత్రమే చూస్తూ నడిపే శిక్షణ లేని 20 మంది పైలట్లను పరీక్షించారు. బయటి దృశ్యం కనిపించకుండా చేయగా ఇరవైమందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఈ పరిశోధన భయపెట్టడంతోనే ఆగిపోలేదు. పరికరాల సాయంతో నెమ్మదిగా వెనుకకు మరలే పద్ధతిని వారికి నేర్పగా, దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ సురక్షితంగా బయటపడగలిగారు. నేర్చుకోవలసిన విద్య ముందుకు దూసుకుపోవడం కాదు, వెనుకకు మరలడం.

1999 జూలై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు జాన్ కెన్నెడీ జూనియర్ తన చిన్న విమానంలో భార్యను, ఆమె అక్కను తీసుకొని ఒక బంధువు వివాహానికి బయలుదేరాడు. చీకటి, సముద్రం, మసకమంచు కలిసి క్షితిజరేఖను కప్పివేశాయి. మార్తాస్ వినియార్డ్ ద్వీపం సమీపాన విమానం అట్లాంటిక్ సముద్రంలో కూలి ముగ్గురూ మరణించారు. దిక్కు తెలియని భ్రమకు లోనై పైలట్ విమానంపై అదుపు కోల్పోయాడని దర్యాప్తు సంస్థ నిర్ధారించింది. ఆ రాత్రి అటువంటి ప్రయాణం నియమాల ప్రకారం నిషిద్ధం కాదు. నియమం అనుమతించిన ప్రతి పనీ క్షేమకరమని చెప్పలేమని ఈ దుర్ఘటన తెలుపుతున్నది. పెళ్లికి వేళ మించిపోతున్నదన్న తొందర, ఎదురుచూసేవారున్నారన్న ఒత్తిడి ఇటువంటి ప్రయాణాలు ఎన్నింటిలోనో కనిపించే సామాన్య విషయాలు.

ఒకరి అనుభవం మరొకరికి అందకపోతే అదే ఆపద మళ్లీ మళ్లీ వస్తుంది. 1974 డిసెంబర్ 1న ఒక ప్రయాణికుల విమానం వర్జీనియాలోని కొండను ఢీకొని 92 మంది మరణించారు. సుమారు ఆరు వారాల ముందు మరో సంస్థకు చెందిన విమానం అదే చోట, అదే విధమైన అపోహవల్ల త్రుటిలో తప్పించుకొన్నది. ఆ హెచ్చరిక ఆ సంస్థ గడప దాటలేదు. ఈ గుణపాఠంతో 1976లో అమెరికాలో ఒక విధానం ఏర్పడింది. పైలట్లు తమ పొరపాట్లను, తప్పిన గండాలను రాసి పంపవచ్చు. వాటిని శిక్షించే అధికారం లేని నాసా సంస్థ స్వీకరించి, పేర్లు తొలగించి, అందరి మేలు కోసం ప్రకటిస్తుంది. బ్రిటన్‌లో ఇటువంటి విధానం 1982లో మొదలై, 1999లో చిన్న విమానాల పైలట్లకూ విస్తరించింది. సంపాతి సైతం తన రెక్కలు కాలిన కథను దాచుకోలేదు, వానరులకు చెప్పుకొన్నాడు. తప్పును ఒప్పుకోవడానికి కావలసిన ధైర్యం ఎగరడానికి కావలసిన ధైర్యంకన్నా తక్కువది కాదు.

యంత్రాలూ ఎదుగుతున్నాయి. మొత్తం విమానాన్నే గాలిలో నిలిపి మెల్లగా దించే పారాచూట్‌ను సిరస్ సంస్థ తన చిన్న విమానాలలో అమర్చింది. 2002లో టెక్సాస్‌లో అది తొలిసారి ఒక పైలట్ ప్రాణాన్ని నిలిపింది. అయినా దానిని తెరవవలసిన సమయాన్ని నిర్ణయించేది మనిషే. ఆలస్యమైతే, నేల మరీ దగ్గరైతే, ఆ పారాచూట్ సైతం రక్షించలేదు.

దుర్ఘటనలు వార్తలవుతాయి. దూరాన నల్లని మబ్బును చూసి, పక్కన కూర్చున్న మిత్రుల నిరాశను లెక్కచేయక, బయలుదేరిన చోటికే తిరిగివచ్చిన పైలట్ కథ ఏ పత్రికలోనూ కనిపించదు. అతడు విమానాన్ని తాళ్లతో కట్టి, తన ప్రయాణపు పుస్తకంలో ‘ఒక గంట’ అని రాసుకొని ఇంటికి వెళతాడు. ఆ ఒక్క పంక్తి వెనుక ఎంత వివేకం ఉన్నదో అతనికీ, అతనితో క్షేమంగా తిరిగివచ్చినవారికీ మాత్రమే తెలుసు.

ప్రశ్నలు

1. వినోదం కోసం ఎగిరే పైలట్ ‘తనకు తానే కావలివాడు’ అని రచయిత ఎందుకు అన్నారు?
2. 1935 నాటి దుర్ఘటనవల్ల ఏ పద్ధతి స్థిరపడిందో వివరించండి.
3. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధన ఏయే విషయాలను వెల్లడించింది?
4. తప్పులను దాచకుండా చెప్పుకోవడంవల్ల సమాజానికి కలిగే మేలును ఉదాహరణలతో చర్చించండి.