రాకడ దగ్గరైతే పరీక్ష ఫీజు ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయిది డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రభువు రాకడ ఈ ఏడాదే అని ఎవరో చెప్పిన వీడియోలు చూసి పరీక్ష ఫీజు కట్టనంటున్నాడు. అదేమంటే, విశ్వాసంలో స్థిరంగా నిలబడమని వాక్యమే చెబుతోంది కదమ్మా అంటాడు. మావారేమో, రెండు వేల ఏళ్లుగా రాలేదు, ఇప్పుడొస్తాడా అని కొట్టిపారేస్తారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పే మాట థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక రెండో అధ్యాయంలో ఉంది. అది ఎవరికి, ఎందుకు రాశారో చూస్తే సగం చిక్కు విడిపోతుంది. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు థెస్సలొనీక పట్టణంలో సువార్త చెప్పి, అల్లరి రేగడంతో రాత్రికి రాత్రే బెరయకు వెళ్లాల్సి వచ్చింది. ఆయన లేనప్పుడు ప్రభువు దినం వచ్చేసిందనే పుకారు సంఘాన్ని కలవరపెట్టింది. తన పేరుతో దొంగ ఉత్తరం తిరుగుతోందేమోనని కూడా పౌలు అనుమానించాడు. అందుకే పత్రిక చివర వందనం తన చేత్తోనే రాసి, ప్రతి పత్రికకూ అదే గుర్తని చెప్పాడు. స్థిరంగా నిలబడమన్నది ఈ పుకారుకు విరుగుడుగానే. గట్టిగా పట్టుకోమన్నది తాను ముందే నేర్పిన బోధను. మీ అబ్బాయి ఆ మాటనే తేదీలు చెప్పేవాళ్లకు మద్దతుగా వాడుతున్నాడు.

మూడో అధ్యాయంలో, పని మానేసి పరుల జోలికి పోతూ తిరిగేవాళ్లను పౌలు గట్టిగా మందలించాడు. పని చేయడం ఇష్టంలేనివాడికి తిండి కూడా వద్దన్నాడు. వాళ్లెందుకు మానేశారో పత్రిక నేరుగా చెప్పదు. రాకడ పుకారే కారణమని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. ఇలా మందలించినవాడు ఆ ఊళ్లో ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు కష్టపడ్డవాడు. డేరాలు కుట్టడం ఆయన వృత్తి. రాకడ కోసం అంత ఆశగా ఎదురుచూసినా చేతిలో పని మాత్రం ఆపలేదు.

యుద్ధాలు, కరువులు, భూకంపాలు కళ్లముందే ఉన్నాయి కదా అని మీ అబ్బాయి అనవచ్చు. మత్తయి సువార్త 24వ అధ్యాయంలో యేసు వాటిని వేదనలకు ప్రారంభమనే అన్నాడు. ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదన్నదీ ఆ అధ్యాయంలోనే. అయినా లెక్కలు కట్టారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబర్ 22 కోసం ఎదురుచూశారు. కొందరు రైతులు చేతికొచ్చిన పంట కూడా తీయకుండా పొలాల్లోనే వదిలేశారు. ఆ రోజు గడిచిపోయాక ఎంతోమంది విశ్వాసమే వదులుకున్నారు. అదే దేశంలో హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నారు, అది తప్పాక అక్టోబర్ 21 అన్నారు. తేదీ ప్రకటించడం పాపమని 2012లో ఒప్పుకున్నారు. అప్పటికే ఆయన్ను నమ్మి దాచుకున్న సొమ్మంతా ప్రచారానికి ఖర్చుపెట్టినవాళ్లున్నారు.

ఇక మీవారి మాట. అది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. మొదటి తరం విశ్వాసులు తమ జీవితకాలంలోనే రాకడ చూస్తామని ఆశపడ్డారు. థెస్సలొనీకలో ఈలోగా కొందరు చనిపోతే మిగిలినవాళ్లు కుంగిపోయారు. వాళ్లను ఓదార్చడానికి పౌలు మొదటి పత్రికలో కొత్త గడువేమీ పెట్టలేదు. క్రీస్తు చనిపోయి లేచాడు గనుక ఆయనలో నిద్రించినవారూ లేస్తారన్నాడు. నిరీక్షణకు ఆయన చూపిన ఆధారం జరిగిపోయిన పునరుత్థానం. కాబట్టి కాలం ఎంత సాగినా ఆ ఆధారం తరిగిపోదు. ఆలస్యాన్ని ఎగతాళి చేసేవాళ్లు పేతురు రెండవ పత్రిక నాటికే ఉన్నారు. దేవుడు ఓర్పుతో మనుషులకు మారే సమయం ఇస్తున్నాడని ఆ పత్రిక జవాబు.

వీడియోల మీద అబ్బాయితో గొడవ పడకండి, దానివల్ల పట్టుదల పెరుగుతుందంతే. థెస్సలొనీకయుల పత్రికలు రెండూ కలిపి ఎనిమిది అధ్యాయాలే. ఫీజు గడువు దాటకముందే ఒక సాయంత్రం ముగ్గురూ కూర్చుని, అబ్బాయి చేతే పైకి చదివించండి.