డిటెక్టివ్‌కి ఫోన్ చేసే ముందు

మా ఊరు గజపతినగరం. ఇక్కడ పెళ్ళి సంబంధం వస్తే వాకబు చెయ్యడానికి డిటెక్టివ్ అక్కర్లేదు. విజయనగరం నుంచి సాలూరు దాకా ఏ ఊరి అబ్బాయైనా సరే, వాళ్ళ వీధిలో మనకి తెలిసినవాళ్ళు ఒకరుంటారు. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుంటే తాతల సంగతులు కూడా వచ్చేస్తాయి. కానీ ఈ వేసవిలో మా పెదనాన్న కూతురికి వచ్చిన సంబంధం అలాంటిది కాదు. అబ్బాయి ఎనిమిదేళ్ళుగా హైదరాబాద్‌లోనే ఉంటున్నాడు. అక్కడ మనకి ఎవరూ లేరు.

"ఏరా బావు, కంప్యూటర్లే కదా సదువుతున్నావు. ఆడి ఫోన్లో ఏటుందో సూడలేవేటి?" అన్నారు పెదనాన్న. అలా చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చని చెప్పాను. "అయితే డిటెక్టివ్‌ని పెడదాం" అన్నారు. నాకు తెలిసిన డిటెక్టివ్‌లు చంటబ్బాయ్, ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ, అంతే. వారం రోజులు కూర్చుని చదివాను.

ముందు తెలిసింది ఏంటంటే, మన దేశంలో డిటెక్టివ్‌లకి ప్రత్యేకంగా లైసెన్స్ ఇచ్చే కేంద్ర చట్టం లేదు. 2005లో వచ్చిన చట్టం సెక్యూరిటీ గార్డుల ఏజెన్సీలకి. డిటెక్టివ్‌ల కోసం 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం అవ్వలేదు. కాబట్టి "ప్రభుత్వ గుర్తింపు ఉంది" అని ఎవరైనా అంటే, దేనికి గుర్తింపో అడగాలి. జీఎస్టీ నంబర్ ఇస్తే ఆ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. కానీ అది పన్ను కడతారని చెప్తుందే తప్ప, పని వచ్చని కాదు.

ఇంకో విషయం, మనం చెయ్యకూడని పని డబ్బిచ్చి చేయించినా అది నేరమే. డిటెక్టివ్ రోడ్డు మీద, హోటల్లో, ఆఫీసు గేటు దగ్గర అందరికీ కనబడేదే చూడగలడు. కాల్ రికార్డులు తెస్తాను, వాట్సాప్ చూపిస్తాను అన్నాడంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యాలి. కాల్ రికార్డులు అక్రమంగా కొని అమ్మిన కేసులో 2018లో థానే పోలీసులు ప్రైవేటు డిటెక్టివ్‌లనే అరెస్టు చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయితే, ఒక విడాకుల కేసులో భార్య ఫోన్ మాటలు భర్త రహస్యంగా రికార్డ్ చెయ్యడం ఆమె గోప్యతకి భంగం అని చెప్పి, ఆ సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. 2025 జులైలో సుప్రీంకోర్టు, దంపతుల మధ్య కేసుల్లో అలాంటి రికార్డింగులు చూడొచ్చంది. మాది ఇంకా పెళ్ళే కాని సంబంధం. ఆ తీర్పు పట్టుకుని మేం ఎగరలేం.

తర్వాత అసలు పని: ప్రశ్న రాసుకోవడం. "అబ్బాయి ఎలాంటోడు?" అంటే డిటెక్టివ్ ఎన్ని రోజులైనా తిరుగుతాడు, రోజుల లెక్కన బిల్లు పెరుగుతూనే ఉంటుంది. మేం అయిదు రాశాం. చెప్పిన కంపెనీలోనే చేస్తున్నాడా, చెప్పిన డిగ్రీ ఉందా, ఇదివరకు పెళ్ళి అయిందా, కోర్టు కేసులున్నాయా, సాయంత్రాలు తాగుతాడా. కోర్టు కేసులు ఈ-కోర్ట్స్ సైట్‌లో పేరుతో వెతకొచ్చు. జిల్లా, సంవత్సరం ఒక్కొక్కటిగా మార్చుతూ చూడాలి, విసుగొస్తుంది. అదే పేరుతో ఇంకొకరు కూడా దొరుకుతారు, కాబట్టి తండ్రి పేరు చూడకుండా కంగారు పడకూడదు. డిగ్రీ, ఉద్యోగం కాగితాలు నేరుగా అడగడమే. ఇక నిఘాకి మిగిలింది సాయంత్రాల ప్రశ్న ఒక్కటే.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని గంటలు, ప్రయాణ ఖర్చు ఎవరిది, రిపోర్ట్ ఎప్పుడు, పని అయ్యాక ఫోటోలు ఎప్పుడు చెరిపేస్తారు అన్నీ రాయించుకోవాలి. ఫోటోలు వాట్సాప్‌లో వద్దు, ఒరిజినల్ ఫైల్ అడగండి. 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఫైల్ హాష్ విలువ రాయాలి. వాట్సాప్ ఫోటోని కుదించేస్తే ఫైలు మారుతుంది, దాంతో హాష్ కూడా మారిపోతుంది. సెకండియర్‌లో మార్కుల కోసం చదివిన ఎస్‌హెచ్‌ఏ-256 ఇక్కడ కనబడితే నవ్వొచ్చింది.

ఇవన్నీ పెదనాన్నకి చదివి వినిపిస్తుంటే, అప్పటిదాకా మాట్లాడని మా అప్ప అడిగింది. "ఆళ్ళూ నా ఎనకాల మనిషిని పెడితే నీకు బాగుంటాదేటి నాన్నా?"

ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి పెదనాన్న అయిదో ప్రశ్న కొట్టేసి, పక్కన "మనమే అడగాలి" అని రాశారు. ఎవరు అడుగుతారన్నది ఇంకా తేలలేదు. అప్పే అడుగుతానంటోంది.