టెలిగ్రాఫ్ మోర్స్ ఒక్కడిదేనా?

(పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ ఫిజిక్స్)

పోటీ పరీక్షల బిట్ల పుస్తకాల్లో తరచూ కనిపించే ప్రశ్న ఇది. టెలిగ్రాఫ్‌ను కనుగొన్నది ఎవరు? జవాబు: శామ్యూల్ మోర్స్. తమ్ముళ్లారా, పరీక్షలో మీరూ అదే రాయండి, మార్కు పోగొట్టుకోవద్దు. కానీ ఫిజిక్స్ చదివేవాడిగా నాకు ఆ ఒక్క ముక్కతో తృప్తి కలగదు. తీగలో కరెంటు పంపడం ఒక ఎత్తు. ఆ కరెంటు మైళ్ల దూరం పోయాక కూడా పనిచేసేటట్లు చూడడం మరొక ఎత్తు. అసలు చిక్కంతా ఆ రెండోదానిలోనే ఉంది. దాన్ని విప్పింది మోర్స్ కాదు.

ముందు సంగతులు క్లుప్తంగా చెబుతాను. 1800లో ఇటలీకి చెందిన వోల్టా బ్యాటరీ తయారు చేశాడు. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్, తీగలో కరెంటు పోతుంటే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం గమనించాడు. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ ఇనుప కడ్డీకి రాగి తీగ చుట్టి విద్యుదయస్కాంతం చేసి చూపించాడు. ఈ స్టర్జన్ చెప్పులు కుట్టేవాని కొడుకు. తానూ ఆ పనే నేర్చుకుని, తర్వాత సిపాయిగా ఉంటూ సొంతంగా చదువుకున్నాడు. మన పుస్తకాల్లో విద్యుదయస్కాంతం బొమ్మ ఉంటుంది గానీ ఆయన పేరు అరుదు.

ఇక్కడ తీగ కలిపితే అక్కడ ముల్లు కదులుతుంది కదా, దాంతో కబురు పంపవచ్చు కదా అని కొందరికి తోచింది. అదే 1825లో పీటర్ బార్లో అనే ఆంగ్లేయ ఆచార్యుడు పరీక్షించి చూశాడు. 200 అడుగుల తీగ పెట్టేసరికే ప్రభావం బాగా పడిపోయింది. ఇది అయ్యే పని కాదని ఆయన తేల్చేశాడు.

ఈ మాటను అబద్ధం చేసినవాడు అమెరికాలోని ఆల్బనీ పట్టణానికి చెందిన జోసెఫ్ హెన్రీ. తండ్రి కూలి చేసేవాడు. హెన్రీ చిన్నతనంలో గడియారాలు, వెండి వస్తువులు చేసేవాని దగ్గర పనికి కుదిరాడు. తర్వాత ఆల్బనీ అకాడమీలో ఫీజు లేకుండా చదివి, 1826లో అక్కడే ఆచార్యుడయ్యాడు. రోజంతా పాఠాలు చెప్పడంతోనే సరిపోయేది. అందుకని సెలవుల్లో బడి హాలు ఖాళీ అయినప్పుడు ప్రయోగాలు చేసేవాడు.

ఆయన చేసిందేమిటో మీ పదో తరగతి ఓమ్ నియమంతోనే చూడవచ్చు. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. బార్లో చూసింది ఇదే. హెన్రీ చాలా ఘటాలను శ్రేణిలో కలిపి వోల్టేజి పెంచాడు. అవతలి చివర అయస్కాంతం మీద పొడవైన సన్న తీగను ఎన్నో చుట్లు చుట్టాడు. చుట్లు ఒకదానికొకటి తగిలి షార్టు కాకుండా తీగకు పట్టు గుడ్డ చుట్టాడు. చేరేది కొద్దిపాటి కరెంటే అయినా ప్రతి చుట్టూ తన వంతు బలం కలుపుతుంది. చుట్లు పెంచితే నిరోధం కూడా పెరగదా అని మీకు అనుమానం రావాలి. పెరుగుతుంది. కానీ బయటి తీగ నిరోధమే ఎంతో ఎక్కువగా ఉన్నప్పుడు, ఈ కాస్త నిరోధం కలిసినా పెద్ద తేడా రాదు. 1831లో హెన్రీ ఈ ఫలితాలు ప్రచురించాడు. హాలు చుట్టూ మైలుకు పైగా తీగ తిప్పి, చివర గంట మోగించి చూపాడు. దీనికి పేటెంటు తీసుకోలేదు.

మోర్స్ వృత్తిరీత్యా చిత్రకారుడు. 1825లో వాషింగ్టన్‌లో బొమ్మ గీస్తుండగా ఊళ్లో భార్య చనిపోయింది. ఉత్తరం అంది ఆయన ఇల్లు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. ఆ బాధతోనే టెలిగ్రాఫ్ కనిపెట్టాడని కథగా చెబుతారు గానీ, ఆయనకు ఆ ఆలోచన వచ్చింది 1832లో, ఓడ ప్రయాణంలో. మొదట ఆయన పరికరం 40 అడుగులు దాటి పనిచేయలేదు. అప్పుడు హెన్రీ వ్యాసం చదివిన లియోనార్డ్ గేల్ అనే కెమిస్ట్రీ ఆచార్యుడు, ఘటాలూ చుట్లూ పెంచమని దారి చూపించాడు. దూరం 10 మైళ్లకు పెరిగింది. ఆల్ఫ్రెడ్ వెయిల్ అనే యువకుడు యంత్రాన్ని బాగుచేశాడు. అచ్చుకూటంలో ఏ అక్షరం దిమ్మలు ఎన్ని ఉన్నాయో లెక్కచూసి, ఇంగ్లీషులో ఎక్కువగా వచ్చే ‘ఈ’ అక్షరానికి ఒక్క చుక్క పెట్టారు.

నేను మోర్స్‌ను తక్కువ చేయడం లేదు. ఏళ్ల తరబడి తిరిగి 1843లో అమెరికా ప్రభుత్వం నుండి 30,000 డాలర్లు మంజూరు చేయించుకున్నది ఆయనే. 1844 మే 24న వాషింగ్టన్ నుండి బాల్టిమోర్‌కు కబురు పంపిందీ ఆయనే. అయితే విద్యుత్తుతో దూరానికి అక్షరాలు పంపే పద్ధతులన్నీ తనవేనని కోరినప్పుడు, 1854లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పేటెంటును నిలబెట్టి, ఆ ఒక్క కోరికను మాత్రం కొట్టేసింది.

ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ 1837లోనే ముళ్లు కదిలే టెలిగ్రాఫ్‌కు పేటెంటు పొందారు. 1845లో రైలెక్కి పారిపోతున్న హంతకుడిని దాని సాయంతోనే పట్టుకున్నారు. అతడు క్వేకర్ మతస్థుల దుస్తుల్లో ఉన్నాడని చెప్పాలి, యంత్రంలో ‘క్యూ’ అక్షరం లేదు. కే, డబ్ల్యూ, ఏ, కే, ఈ, ఆర్ అని పంపి గట్టెక్కారు!

మన దేశంలో 1839లోనే కలకత్తాలో డాక్టర్ ఓషానెస్సీ ప్రయోగాత్మకంగా లైను వేశాడు. 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బర్‌కు లైను నడిచింది. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు శివచంద్ర నంది అనే బెంగాలీ. 1855లో టెలిగ్రాఫ్ ప్రజలందరికీ అందుబాటులోకి వచ్చింది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. మా నాయనమ్మ కాలంలో టెలిగ్రాం వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేదట.

బార్లోకీ హెన్రీకీ ఉన్న తేడా మీరే చూడవచ్చు. మోటార్లు వైండింగ్ చేసే షాపులో ఎనామిల్ రాగి తీగ ముక్కలు అడగండి. కొసల్లో పూత గీకేయాలి. మేకుకు 20 చుట్లు చుట్టి, ఒక టార్చి సెల్లుకు కాసేపు తగిలిస్తే గుండుసూదులు లేస్తాయి. ఇప్పుడు మధ్యలో 50 మీటర్ల సన్న తీగ కలపండి, సూదులు లేవవు. తర్వాత ఆరు సెల్లులు వరుసగా పెట్టి, మేకుకు 400 చుట్లు చుట్టి చూడండి, మళ్లీ లేస్తాయి. ఇంటి కరెంటు ప్లగ్గులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు.