ఫెర్రీ ఎక్కి హాస్టల్‌కు



ఈ నెల ఏడో తరగతి సోషల్‌లో ద్వీపసమూహాల గురించి చెప్పాను. ‘దగ్గర దగ్గరగా ఉన్న దీవుల గుంపు’ అని పిల్లలు నిర్వచనం గడగడా అప్పజెప్పారు. అక్కడివాళ్లు రోజూ ఎలా తిరుగుతారని అడిగితే మాత్రం క్లాసంతా మౌనం! అందుకే మ్యాపులో స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న ఆర్క్‌నీ దీవులు చూపించాను.

మొత్తం 70 దాకా దీవులు, జనం ఉండేవి 20 వరకు. స్క్రాబ్‌స్టర్ రేవులో ఫెర్రీ ఎక్కితే గంటన్నరలో స్ట్రామ్‌నెస్ చేరతాం. కార్లు, లారీలు కూడా అందులోనే వస్తాయి. దారిలో హోయ్ దీవి పక్కన, సముద్రంలో ఒంటరిగా నిలబడ్డ 137 మీటర్ల రాతిస్తంభం కనిపిస్తుంది. అలలు కొండను కోసేయగా మిగిలిన ముక్క అది. 1750 నాటి మ్యాపులో ఆ స్తంభం లేదంటే పిల్లలు నమ్మలేదు.

నన్ను ఆకట్టుకున్నది వేరే. చిన్న దీవుల్లో పై తరగతులు లేవు. అక్కడి పిల్లలు ఫెర్రీలోనో చిన్న విమానంలోనో కిర్క్‌వాల్ పట్టణానికి వచ్చి, వారమంతా హాస్టల్లో ఉండి చదువుకుంటారు. వారాంతంలో ఇంటికి. గాలి ఎక్కువైతే ఫెర్రీ రద్దు.

“మరి ఆ వారం అమ్మను చూడరా టీచర్?” అన్నాడు మన హాస్టల్ బాబు ఒకడు. చూడలేరన్నాను. తర్వాత ఆ దీవుల గురించి అందరికంటే ఎక్కువ ప్రశ్నలు వాడే వేశాడు.

ఈ ఆదివారం అట్లాస్ తెరిచి, 59 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఆర్క్‌నీని మీ పిల్లల చేత వెతికించండి. డిసెంబరులో అక్కడ పగలు సుమారు ఆరు గంటలే ఎందుకుంటుందో అడగండి. జవాబు మాత్రం వెంటనే చెప్పేయకండి. పిల్లలు హాస్టల్లో ఉంటే ఫోన్లో అడగండి.