రక్తపరీక్ష వ్రాయు అధికారము ఎవరిది?
(పంచాయతీ సభ్యులకు ఆరోగ్య పాఠము)

వానకాలము ప్రవేశించి నాట్లు ముగియు వేళకు గ్రామములలో జ్వరములు మొదలగును. ఇంటిలో ఒకరు మంచము పట్టగానే వారిని వీధి చివరనున్న వైద్యుని కడకు తీసుకొనిపోవుదురు. ఆయన చేయి పట్టి చూచి, సూది వేసి, చీటీపై రెండు మూడు పరీక్షల పేర్లు వ్రాసి, పట్టణములోని ఒక లేబొరేటరీకి పంపును. సాయంకాలమునకు ఫలితము వచ్చును. “టైఫాయిడ్ ఉన్నది. ఐదు దినములు సెలైన్ ఎక్కించవలెను” అని చెప్పుదురు. కూలి చేసుకొని బ్రతుకు కుటుంబము చేబదులు తెచ్చి ఆ సొమ్ము చెల్లించును.

ఇంత వ్యవహారము జరిగినను ఒక్క ప్రశ్న మాత్రము ఎవరును అడుగరు. ఆ చీటీ వ్రాసినవారికి అట్లు వ్రాయు అధికారము కలదా? గ్రామారోగ్యమునకు బాధ్యత వహించు పంచాయతీ సభ్యులు ఈ విషయమును చక్కగా తెలిసికొనవలసి యున్నది.

చట్టము చెప్పునదేమి?

“ఫలానివారు మాత్రమే రక్తపరీక్ష వ్రాయవలెను” అని జాబితా వేసి చెప్పు ప్రత్యేక చట్టము మన దేశమున లేదు. ఒక వ్యక్తి తనంతట తాను పోయి తన రక్తములో చక్కెర ఎంత యున్నదో చూపించుకొనుట నేరము కాదు. కాని ఇతరులకు పరీక్షలు వ్రాసి, వాని ఫలితములను బట్టి రోగమిది యని నిర్ణయించి, మందు లిచ్చుట వైద్యవృత్తి యగును. ఆ వృత్తిని ఎవరు చేయవలెనో చట్టము స్పష్టముగా నిర్దేశించినది.

1956 నాటి భారత వైద్య మండలి చట్టము ప్రకారము రాష్ట్ర వైద్య రిజిస్టరులో పేరు నమోదైనవారే ఆధునిక వైద్యము చేయవలసి యుండెను. దాని స్థానమున 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టము వచ్చినది. కమిషన్ 2020 సెప్టెంబరు 25న ఏర్పడినది. ఈ చట్టము 34వ సెక్షను ప్రకారము నమోదు లేనివారు వైద్యవృత్తి చేసినచో ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

‘ఆర్.ఎం.పి.’ అను మాట

ఇక్కడ ఒక పొరపాటును సవరించుకొనవలెను. చట్టములో ‘ఆర్.ఎం.పి.’ యనగా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అనగా పట్టము పొంది రిజిస్టరులో పేరు నమోదు చేయించుకొన్న వైద్యుడు. మన పల్లెలలో ఆ మూడక్షరములకు అర్థము తలక్రిందులైనది. వైద్య పట్టము లేక, కొంతకాలము ఒక డాక్టరు వద్ద కాంపౌండరుగా పనిచేసి, పిదప స్వంతముగా వైద్యము సాగించువారినే మనవారు ‘ఆర్.ఎం.పి.’ యని పిలుచుచున్నారు. వాడుకలో వచ్చిన పేరు చట్టరీత్యా అధికారమును కల్పింపజాలదు.

అర్ధరాత్రి పిలిచినను వచ్చువాడు, అప్పు పెట్టువాడు, ఇంటి కష్టసుఖములు తెలిసినవాడు కావున ఆయనపై ప్రజలకు విశ్వాసము మెండు. ఆ విశ్వాసమును తృణీకరింప నవసరము లేదు. ప్రథమచికిత్స చేసి, ఆలస్యము లేకుండ రోగిని ప్రభుత్వ వైద్యుని కడకు పంపినచో ఆయన వలన మేలే కలుగును. పరీక్షలు వ్రాయుటకును, రోగనిర్ణయము చేయుటకును, సెలైను పెట్టుటకును పూనుకొన్నపుడే ప్రమాదము.

ఎవరి పరిధి ఎంత?

ఎం.బి.బి.ఎస్. లేక అంతకు మించిన పట్టము గలిగి, రాష్ట్ర వైద్య మండలిలో నమోదైనవారు రోగికి అవసరమైన పరీక్షలు వ్రాయవచ్చును. దంతవైద్యులు దంతచికిత్సకు వలసిన పరీక్షలు వ్రాయుదురు.

ఆయుర్వేద, యునాని, హోమియో వైద్యులకు వేరు రిజిస్టరులు కలవు. వీరి కొరకు 2020లో రెండు ప్రత్యేక చట్టములు వెలువడినవి. వీరి విద్యలోను ఆధునిక రోగనిర్ధారణ పాఠములు కలవు. తమ పద్ధతిలో చికిత్స చేయుటకు పరీక్షల ఫలితములను వీరు వినియోగించుకొనవచ్చును. కాని ప్రభుత్వము ప్రత్యేకముగా అనుమతించిననే తప్ప వీరు అల్లోపతి మందు లీయరాదు.

ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త, ఆరోగ్య ఉపకేంద్రములోని ఆరోగ్యాధికారి ప్రభుత్వ కార్యక్రమముల మార్గదర్శకములకు లోబడి కొన్ని పరీక్షలు చేయుదురు. గర్భిణికి రక్తహీనత, మూత్రపరీక్షలు, జ్వరము వచ్చినవారికి మలేరియా పరీక్ష, ముప్పది యేండ్లు దాటినవారికి చక్కెర పరీక్ష ఇట్టివి. ఎడతెగని దగ్గు ఉన్నవారిని క్షయ నిర్ధారణకై కళ్లె పరీక్షకు పంపుటయు వీరి విధియే. ఇది వారి స్వంత వైద్యము కాదు, ప్రభుత్వము వారికి అప్పగించిన పని. కావున వీరిని అనుమానముతో చూడరాదు.

లేబొరేటరీ టెక్నీషియన్ రక్తము తీసి పరీక్ష చేయును. మందుల దుకాణదారుడు చీటీ చూచి మందు లిచ్చును. వీరిద్దరికిని రోగనిర్ణయము చేయు అధికారము లేదు.

ఒక తీర్పు చెప్పిన పాఠము

1992లో బొంబాయిలో ఒక యువకునికి జ్వరము వచ్చినది. హోమియోపతి చదివిన వైద్యుడొకరు మొదట దానిని వైరల్ జ్వరమనియు, తరువాత టైఫాయిడ్ అనియు తలచి అల్లోపతి మందు లిచ్చిరి. రక్తపరీక్షచే గాని, మూత్రపరీక్షచే గాని నిర్ధారణ చేసికొనలేదు. కొలది దినములలోనే రోగి మరణించెను. ఆయన భార్య న్యాయమునకై పోరాడగా 1996లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. తాను చదువని వైద్యపద్ధతిని ఆచరించుట తనంతట నిర్లక్ష్యమే యని ఆ తీర్పు సారాంశము. నష్టపరిహారము చెల్లింపవలెనని కోర్టు ఆదేశించినది.

పట్టము గలిగి, నమోదైన వైద్యుని విషయములోనే కోర్టు ఇంత గట్టిగా చెప్పినది. ఏ పట్టమును లేనివారి మాట చెప్పనేల?

ఫలితము చదువుట వైద్యుని పని

“పరీక్ష చేయించినారు గదా, కాగితముపై స్పష్టముగా ఉన్నది గదా” యని కొందరు వాదింతురు. టైఫాయిడ్ కొరకు పల్లెలలో విరివిగా చేయు వైడాల్ పరీక్షనే తీసికొందము. అది రోగక్రిమిని చూపునది కాదు. ఆ క్రిమిని ఎదిరించుటకు శరీరము తయారుచేసికొన్న పదార్థములను చూపును. ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరము వలనను, టీకా వలనను, ఇతర జ్వరముల వలనను అవి రక్తములో కానవచ్చును. కావున ఒక్క వైడాల్ పరీక్షతో టైఫాయిడ్ అని నిశ్చయింపరాదు. యాంటీబయాటిక్ మందు మొదలుపెట్టకముందే రక్తమును కల్చర్ చేయించుట అంతకన్న నమ్మదగిన మార్గము.

పొరపాటున టైఫాయిడ్ అని నమ్మి మందులు మ్రింగుచుండగా లోపలనున్న మలేరియా గాని, డెంగ్యూ గాని ముదిరిపోవచ్చును. పరీక్ష యనునది వైద్యుడు రోగి శరీరమును అడుగు ప్రశ్న వంటిది. వచ్చిన సమాధానమునకు ఎవరు బాధ్యత వహింతురో వారే ఆ ప్రశ్న అడుగవలెను.

లేబొరేటరీల బాధ్యత

లేబొరేటరీలును ప్రభుత్వము వద్ద నమోదు కావలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టమును, తెలంగాణలో 2010 నాటి కేంద్ర చట్టమును ఇందుకు ఆధారములు. ఫలితపత్రముపై పాథాలజీలో ఉన్నతపట్టము గల వైద్యుని సంతకము ఉండవలెనని 2017 డిసెంబరులో సుప్రీం కోర్టు చెప్పినది. 2018లో కేంద్ర నియమములు లేబొరేటరీలను మూడు తరగతులుగా విభజించి, చిన్న లేబొరేటరీలలో ఎం.బి.బి.ఎస్. వైద్యుని సంతకమును అంగీకరించినవి. ఏ సంతకమును లేని కాగితమును నమ్మరాదు.

రోగిని పంపినందుకు వైద్యుడు కమీషను పుచ్చుకొనుటను 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి నిషేధించినది. నమోదైన వైద్యునికే కూడని ఆ సొమ్ము నమోదు లేనివారి చేతికి పోవుటను ఎట్లు సమర్థింపగలము? అవసరము లేని పరీక్షలు పెరుగుటకు ఇదియు నొక కారణము.

ప్రత్యేక చట్టములు గల పరీక్షలు

గర్భస్థ శిశువు ఆడయో మగయో తెలిసికొనుటకు పరీక్ష చేయుట 1994 చట్టము ప్రకారము నేరము. వ్రాయుట, చేయుట, చెప్పుట, చెప్పుమని కోరుట అన్నియు నేరములే. మొదటిసారి కోరినవారికి 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఈ నేరమునకు బెయిలు హక్కుగా లభింపదు. నమోదైన కేంద్రములో, అర్హత గల వైద్యుడు మాత్రమే గర్భిణికి స్కానింగు చేయవలెను.

హెచ్.ఐ.వి. పరీక్షకు ఆ వ్యక్తి సమ్మతి తప్పనిసరి. 2017 నాటి చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. పెండ్లి సంబంధమని గాని, ఉద్యోగమని గాని ఒకరికి తెలియకుండ వారి రక్తమును పరీక్షింపజేయుటకు ఎవరికిని హక్కు లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగము 11వ షెడ్యూలులో 23వ అంశముగా ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు చెందిన విషయములలో చేర్చబడినవి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము ఇందుకు వేదిక. సభ్యులు ఈ క్రింది పనులు చేయవచ్చును.

1. వైద్యుడు తన రిజిస్ట్రేషను నంబరును ఆసుపత్రిలోను, చీటీపైనను, రశీదుపైనను తెలుపవలెనని నియమము కలదు. పరీక్షల చీటీపై వైద్యుని పేరు, పట్టము, నంబరు చూచుకొమ్మని గ్రామసభలో చెప్పవలెను.

2. ఉచిత పరీక్షల సంగతి చాటింపు వేయించవలెను. 2015లో ఆరంభమైన జాతీయ ఉచిత పరీక్షల పథకము ఉపకేంద్రమున 14 రకముల పరీక్షలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున 63 రకముల పరీక్షలు జరుగవలెనని ప్రమాణము నిర్ణయించినది. తెలంగాణలో 2018 నుండి ఆరోగ్య కేంద్రములలో రక్తము సేకరించి పెద్ద లేబొరేటరీలకు పంపు ఏర్పాటు నడచుచున్నది. మీ కేంద్రమున వీనిలో ఎన్ని జరుగుచున్నవో, ఎన్ని జరుగుట లేదో, ఎందువలన జరుగుట లేదో వైద్యాధికారిని అడిగి వ్రాతమూలకముగా తెలిసికొనుడు.

3. గ్రామములోని నమోదు లేని వైద్యుని పిలిపించి, జ్వరము రెండు దినములు దాటినను, గర్భిణికి, పసిపిల్లకు, ముసలివారికి జబ్బు చేసినను ఆరోగ్య కేంద్రమునకు పంపవలెనని మర్యాదగా చెప్పవలెను.

4. ఎంత చెప్పినను వినక రోగులకు హాని కలిగించుచున్నచో జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికిని, రాష్ట్ర వైద్య మండలికిని ఫిర్యాదు పంపవలెను. చీటీలు, రశీదులు, ఫలితపత్రములు భద్రపరచినగాని ఫిర్యాదు నిలువదు.

ఇందులో మూడవది కష్టతరమైనది. ఆయన సభ్యునికి చుట్టము కావచ్చును, ఓట్లలో తోడ్పడినవాడు కావచ్చును. అంతకన్న ముఖ్యముగా, ప్రభుత్వ వైద్యుడు సమయమునకు లేనిచో ప్రజలకు మరియొక దిక్కు లేదు. కావున ఒకరిని కాదనుటకు ముందు ఆరోగ్య కేంద్రము తలుపులు వేళకు తెరచియుండునట్లు చూచుట పంచాయతీ మొదటి కర్తవ్యము. అది జరిగిననాడు రక్తపరీక్షకు ఎవరిని ఆశ్రయింపవలెనో ప్రజలే గ్రహింతురు.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున గత నెలలో రక్తపరీక్షలకు పోయిన కుటుంబము లెన్ని? ఆ చీటీలు వ్రాసినవారెవరు?
2. ఆ పరీక్షలలో ఉచితముగా జరుగదగినవి ఎన్ని?
3. మన ఆరోగ్య కేంద్రమున లేబొరేటరీ టెక్నీషియన్ ఉద్యోగము భర్తీ యైనదా? కానిచో ఎవరికి వ్రాయవలెను?