ఇంటర్ తర్వాత పదకొండున్నరేళ్లు: గ్యాస్ట్రో డాక్టర్ కావాలంటే



పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: ఎంపీసీయా, బైపీసీయా? బైపీసీ అనుకున్న ఇంట్లో వెంటనే వినిపించే మాట, "నీట్‌లో సీటొస్తే చాలు". సీటు రావడం పెద్ద విషయమే, కాదనం. కానీ డాక్టర్ చదువు ఆ రోజుతో మొదలవుతుంది తప్ప పూర్తవదు. ఆ తర్వాత ఎంత దూరం ఉంటుందో మీకూ, మీ పిల్లలకూ ముందే తెలిసి ఉంటే మంచిది. అందుకే ఈ నెల ఒక్క స్పెషాలిటీని తీసుకుని మొదటి మెట్టు నుంచి చివరిదాకా చూద్దాం. అది గ్యాస్ట్రోఎంటరాలజీ, అంటే అన్నవాహిక, పొట్ట, పేగులు, కాలేయం, పిత్తాశయం, క్లోమం చూసే వైద్యం.

మనకు దగ్గరలోనే ఒక ఉదాహరణ

మియాపూర్ నుంచి గచ్చిబౌలి వైపు వెళ్లేటప్పుడు మైండ్‌స్పేస్ దగ్గర ఏఐజీ హాస్పిటల్స్ పెద్ద భవనాన్ని మీ పిల్లలు చూసే ఉంటారు. దాన్ని స్థాపించిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి గారు 1956లో విశాఖపట్నంలో పుట్టారు. ఎంబీబీఎస్ కర్నూలు మెడికల్ కాలేజీలో, ఆ తర్వాత జనరల్ మెడిసిన్ మద్రాస్ మెడికల్ కాలేజీలో, గ్యాస్ట్రోఎంటరాలజీలో డీఎం చండీగఢ్ పీజీఐలో చదివారు. హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేశారు. 1994లో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని మొదలుపెట్టారు. పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

పురస్కారాల కంటే ముందు ఆ ఊళ్ల వరుసను మీ పిల్లలకు చూపించండి: కర్నూలు, మద్రాసు, చండీగఢ్. ఒక్కో మెట్టుకు ఒక్కో ఊరు. ఇప్పటి పిల్లలకు కూడా దారి దాదాపు ఇలాగే ఉంటుంది. సీటు ఎక్కడొస్తే అక్కడికి వెళ్లాలి.

మెట్లు ఇవీ

1. ఇంటర్ బైపీసీ లేదా బయాలజీతో 11, 12 తరగతులు: 2 ఏళ్లు.

2. నీట్ యూజీ: 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఇందులో సగం, అంటే 360 మార్కులు, బయాలజీవే. మిగతా సగం ఫిజిక్స్, కెమిస్ట్రీ. "మా అమ్మాయికి ఫిజిక్స్ రాదు, అందుకే బైపీసీ" అనే లెక్క ఇక్కడే తప్పుతుంది.

3. ఎంబీబీఎస్: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్.

4. నీట్ పీజీ రాసి, ఎండీ జనరల్ మెడిసిన్: 3 ఏళ్లు.

5. నీట్ ఎస్ఎస్ రాసి, డీఎం మెడికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ: 3 ఏళ్లు.

ఆపరేషన్లు చేయాలనుకునేవారు ఎండీకి బదులు ఎంఎస్ జనరల్ సర్జరీ, డీఎంకు బదులు ఎంసీహెచ్ సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ చేస్తారు. ఇంటర్ తర్వాత మొత్తం పదకొండున్నరేళ్లు. ఎక్కడా ఒక్క ఏడాది పోకపోయినా, చదువు పూర్తయ్యేసరికి వయసు ముప్పైకి దగ్గరవుతుంది. లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే అది వేరే లెక్క.

డిగ్రీతో పాటు చేతి నేర్పు

ఈ డాక్టర్లు మందులు రాయడంతో ఆగరు. ఎండోస్కోపీలో కెమెరా ఉన్న సన్నని, వంగే గొట్టాన్ని నోటి ద్వారా పొట్టలోకి పంపి, లోపలి పుండునో, రక్తస్రావాన్నో తెర మీద చూస్తారు. ఈఆర్‌సీపీ అనే పద్ధతిలో అదే దారిన చిన్నపేగు దాకా వెళ్లి, పిత్తనాళంలో ఇరుక్కున్న రాయిని కడుపు కోయకుండానే తీస్తారు. కన్ను తెర మీద, చేయి గొట్టం మీద. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, సీనియర్ల పక్కన నిలబడి ఏళ్ల తరబడి నేర్చుకోవాలి.

ఇంకో నేర్పు వినడం. నొప్పి తిన్నాక వస్తోందా, తినకముందా? మలం రంగు మారిందా? రోగి చెప్పడానికి సిగ్గుపడే మాటలను విసుగు, అసహ్యం లేకుండా అడిగి తెలుసుకోవాలి. అర్ధరాత్రి రక్తపు వాంతులతో వచ్చినవారి కోసం నిద్రలోంచి లేచి వెళ్లాలి.

ఇంట్లో తేల్చుకోవాల్సిన సంగతులు

ఎంపీసీ తీసుకున్న పెదనాన్నగారి అబ్బాయి ఇరవై రెండేళ్లకే హైటెక్ సిటీలో ఉద్యోగంలో చేరతాడు. మీ అమ్మాయి అప్పటికి ఎంబీబీఎస్ చివర్లో ఉంటుంది. అతను ఫ్లాట్ కొనేనాటికి ఈమె ఇంకా పరీక్షకు చదువుతూ ఉండొచ్చు. ఇంటర్న్‌షిప్‌లో, పీజీలో స్టైపెండ్ వస్తుంది, కానీ దాన్ని ఐటీ జీతంతో పోల్చలేం. ఆ ఏళ్లలో "ఇంకా చదువేనా? పెళ్లెప్పుడు?" అని చుట్టాలు అడిగితే, పిల్లల తరఫున జవాబు చెప్పాల్సింది మీరే. ప్రైవేటు కాలేజీ ఫీజు కట్టాలనుకుంటే ఎంబీబీఎస్‌కే కాకుండా, పీజీదాకా లెక్క వేసుకోండి. ఉన్న ఇల్లు అమ్మి చదివించామన్న భారం పిల్లల మీద పడకూడదు.

ఈ నెల ఒక ఆదివారం ఫోన్లు పక్కన పెట్టి మీ అబ్బాయినో, అమ్మాయినో ఈ మూడు ప్రశ్నలు అడగండి:

• మనుషులకు జబ్బు చేసినప్పుడు వాళ్ల దగ్గర ఉండటం నీకు ఇష్టమేనా?

• ముప్పై ఏళ్లు వచ్చేదాకా పరీక్షలు రాయడానికి సిద్ధమేనా?

• ఇది నీ కోరికా, మా కోరికా?

మూడో ప్రశ్నకు పిల్లలు వెంటనే జవాబు చెప్పకపోతే తొందరపెట్టకండి. ఇదే రంగంలో డైటీషియన్, ఎండోస్కోపీ టెక్నీషియన్, నర్సింగ్ వంటి దారులూ ఉన్నాయి. అవి తక్కువ ఏళ్లలో పూర్తవుతాయి. వాటిని సీటు రానివాళ్ల చదువులుగా చూడకండి. ఎండోస్కోపీ గదిలో డాక్టర్ ఒక్కరే ఉండరు.

పిల్లలు ఏం చెప్పారో వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌లో క్లాస్ టీచర్‌తో పంచుకోండి. గ్రూపు నిర్ణయం ఆ తర్వాతే తీసుకుందాం.