పదును నిలుపుకొనే విద్య

ఉద్దేశం: చేతితో తీర్చిన పనిముట్టు విలువను, దానిని కాపాడుకోవడంలో యజమానికి గల బాధ్యతను తెలియజేయడం.

పాఠ్యభాగం

మానవుడు రూపొందించుకొన్న పనిముట్లలో కత్తి అతి ప్రాచీనమైనది. యంత్రాలు వేల సంఖ్యలో కత్తులను తయారుచేస్తున్న ఈ కాలంలోనూ, ఒక పనివాడు స్వయంగా తీర్చిన కత్తి కోసం నెలల తరబడి వేచి ఉండేవారున్నారు. అమెరికాలోని చేతితో చేసిన వేటకత్తులే ఇందుకు నిదర్శనం.

ఈ కళకు కొత్త రూపమిచ్చిన వారిలో బాబ్ లవ్‌లెస్ (1929–2010) ముఖ్యుడు. 1950ల తొలినాళ్ళలో ఆయన ఓడలో పనిచేసేవాడు. ఫ్లారిడాకు చెందిన బో రాండల్ చేసిన కత్తిని కొనబోగా, చాలా నెలలు ఆగాలని తెలిసింది. అప్పుడు పాత కారు స్ప్రింగు ఉక్కుతో తానే ఒక కత్తిని చేసుకొన్నాడు. క్రమంగా అదే ఆయన వృత్తి అయింది.

ఆయన ప్రచారంలోకి తెచ్చిన వేటకత్తికి అలుగు వీపు మొన వైపు మెల్లగా వాలి ఉంటుంది. అందువల్ల చర్మం ఒలిచేటప్పుడు మొన పేగులకు తగలదు. పేగు తెగితే మాంసం చెడిపోతుంది. అలుగులోని ఉక్కే పిడి చివరిదాకా సాగుతుంది కనుక పిడి సులభంగా ఊడదు. ఇలా కంటికి అందంగా తోచే ప్రతి వంపులోనూ ఒక ప్రయోజనం దాగి ఉంది.

అయితే పనివాడు ఇచ్చేది కత్తిని మాత్రమే; దాని ఆయుష్షు యజమాని చేతిలో ఉంటుంది. రక్తంలోని ఉప్పు, తేమ ఉక్కును తినివేస్తాయి. కాబట్టి పని ముగియగానే కత్తిని కడిగి, పొడిగా తుడిచి, పలుచగా నూనె రాయాలి. నీటిలో నానితే చెక్కపిడి ఉబ్బి పగులుతుంది. తోలు ఒర తేమను పీల్చుకొంటుంది కనుక కత్తిని ఒరలోనే నెలల తరబడి ఉంచరాదు. కత్తిని మీటగా వాడితే మొన విరుగుతుంది.

మొద్దుబారిన కత్తి పదునైన కత్తి కన్నా ప్రమాదకరం. దానితో కోయాలంటే ఎక్కువ బలం వాడాలి; అప్పుడు అది జారి చేతిని గాయపరుస్తుంది. సానరాయిపై ఒకే వాలులో, రెండు వైపులా సమానంగా నూరాలి. వేగంగా తిరిగే యంత్రపు సాన మీద అంచు వేడెక్కి గట్టిదనాన్ని కోల్పోవచ్చు. నూరిన ప్రతిసారీ కొంత ఉక్కు అరుగుతుంది. కాబట్టి అవసరానికి మించి నూరడమూ నష్టమే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వన్యప్రాణులను వేటాడడం నేరం. అయినా ఈ సంరక్షణ సూత్రాలు రైతు కొడవలికీ, వంటింటి కత్తిపీటకూ వర్తిస్తాయి. వెల చెల్లించినంత మాత్రాన వస్తువు మనదైపోదు. దానిని శ్రద్ధతో వాడి, చెడకుండా తరువాతి తరానికి అందించినవాడే నిజమైన యజమాని.

కఠిన పదాలకు అర్థాలు

అలుగు = కత్తిలో కోసే లోహభాగం
ఒర = కత్తిని ఉంచే తొడుగు
మొన = కొన
నిదర్శనం = ఉదాహరణ

ప్రశ్నలు

1. లవ్‌లెస్ వేటకత్తి రూపంలో దాగిన ప్రయోజనాలను వివరించండి.
2. మొద్దుబారిన కత్తి ఎందుకు ప్రమాదకరం?
3. 'నిజమైన యజమాని' ఎవరు? మీ ఇంటిలోని ఒక పనిముట్టును ఉదాహరణగా తీసుకొని రాయండి.